అన్నమూ, ఆవకాయా

పండితులు పెట్టిన పేర్లకు అర్థం చెప్పటం కష్టం. వంటింట్లో పుట్టిన మాటలు మాత్రం చప్పున తలకెక్కుతాయి. "కోర్" సబ్జెక్టు అంటే ఏమిటో, "ఎలక్టివ్" అంటే ఏమిటో చెప్పటానికి విద్యావేత్తలకు పేజీలు కావాలి. మా వదిన ఒక్క మాటలో తేల్చేసింది. ఆ సంగతి చెబుతాను.

2025 ఏప్రిల్ 27, ఆదివారం. జగ్గయ్యపేటలో బస్సు దిగి, ఆటో పట్టుకుని, ఎండ నడినెత్తికి వచ్చే వేళకు ముక్త్యాలలో మా అన్నయ్య ఇంటికి చేరాను. పదో తరగతి ఫలితాలు వచ్చి అప్పటికి నాలుగు రోజులయింది. మా అన్నయ్య కూతురు మంచి మార్కులతోనే గట్టెక్కింది. ఎప్పుడు వెళ్ళినా ముందు కాళ్ళకు నీళ్ళూ, తర్వాత మజ్జిగా వస్తాయి. ఆ రోజు మాత్రం రెంటికన్నా ముందు ఒక కాగితం వచ్చింది.

"ఒరేయ్, నువ్వు ఎమ్మే చదివావు గదా! ఈ ఎలక్టివ్ ఏమిటో కాస్త చూడు" అన్నాడు అన్నయ్య.

"నాది తెలుగు ఎమ్మే అన్నయ్యా."

"ఏ ఎమ్మే అయితేనేం? కాలేజీలో నీ పక్కన ఇంగ్లీషు మేష్టారు కూర్చోడూ?"

కాగితం చూశాను. ఇంటర్మీడియట్ దరఖాస్తు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ మొదటి సంవత్సరం చదువు 2025-26 నుంచి మారింది గదా. ఇంగ్లీషు అందరికీ తప్పనిసరి. ఎంచుకున్న గ్రూపు సబ్జెక్టులు ఎలాగూ ఉంటాయి, అవి కోర్. ఇదివరకు రెండో భాష ఉండే చోట ఎలక్టివ్ వచ్చింది. అందులో తెలుగు తీసుకోవచ్చు, సంస్కృతం తీసుకోవచ్చు, భాషే అక్కరలేదనుకుంటే మరో సబ్జెక్టు తీసుకోవచ్చు. కోర్ అంటే తప్పించుకోలేనిదీ, ఎలక్టివ్ అంటే ఇష్టపడి ఎంచుకునేదీ అని విడమరిచి చెప్పాను.

వదిన వసారాలో చాప మీద కూర్చుని మామిడికాయ ముక్కలు గుడ్డతో తుడుస్తోంది. తల ఎత్తకుండానే, "అంటే కోర్ అన్నం, ఎలక్టివ్ ఆవకాయ అన్నమాట" అంది.

"సరిగ్గా చెప్పావు వదినా!"

"మరి ఆవకాయ లేకుండా ఆ అన్నం ఎలా దిగుతుంది?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. విద్యాశాఖవారి దగ్గర ఉందేమో తెలియదు.

అసలు చిక్కు తర్వాత బయటపడింది. మా అమ్మాయి (అన్నయ్య కూతురంటే నాకూ కూతురే) ఆ గడిలో తెలుగు వ్రాస్తానంటుంది. అన్నయ్య చేర్చదలుచుకున్న కాలేజీవారేమో, "తెలుగు అడిగేవాళ్ళు లేరండీ. అందరూ సంస్కృతమే. మార్కులు బాగా పడతాయి. తెలుగుకు సెక్షను పెట్టటం లేదు. కావాలంటే పరీక్ష ఫీజు తెలుగుకే కట్టిస్తాం, పాఠం మాత్రం మీరే చూసుకోండి" అన్నారట. సంస్కృతం మీద నాకు కోపం లేదు. అది కాస్తయినా రాకపోతే నా ఎమ్మే గట్టెక్కేదే కాదు. కాని ఆ భాష మీద ప్రేమతో ఆ గడి నింపేవారు వందకు ఎందరో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

"నువ్వు తెలుగు మేష్టారివి. నీకు తెలుగంటేనే ముద్దు. అది పక్కన పెట్టి న్యాయంగా చెప్పు" అన్నాడు అన్నయ్య.

నేను గొంతు సవరించుకున్నాను. మాతృభాష గొప్పతనం గురించి ఏటా ఆగస్టు 29న, గిడుగువారి జయంతి రోజున, నేనిచ్చే ఉపన్యాసం నోటికి వచ్చే ఉంటుంది. మొదలుపెట్టేలోగా అమ్మాయి అడ్డం వచ్చింది.

"బాబాయ్, మరి అన్నయ్య ఇంటర్లో తెలుగు తీసుకోలేదుగా. ఎందుకని?"

అన్నయ్య అంటే మా అబ్బాయి. తెలుగు చెప్పి జీతం తీసుకుంటూ, నాలుగేళ్ళ కిందట వాడి దరఖాస్తులో ఆ గడి నా చేత్తో నేనే నింపాను. సంస్కృతం అని వ్రాశాను. ఇంజనీరింగు సీటుకు పోటీ పడే పిల్లవాడు, ఇంకో సబ్జెక్టు బరువెందుకని నా లెక్క. ఇంతకాలం ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. ఇంట్లో మా ఆవిడ అడగలేదు, కాలేజీలో తోటి మేష్టర్లు అడగలేదు. పదిహేనేళ్ళ పిల్ల అడిగింది. మజ్జిగ గ్లాసు అందుకుని నెమ్మదిగా తాగుతూ కూర్చున్నాను.

"పోనీ, నేను ఆన్‌లైనులో చదువుకుంటాను. నువ్వు చెప్పకూడదూ?" అంది.

అన్నయ్య నవ్వాడు. "2020 మరిచిపోయావా? ఆన్‌లైను చదువు సంగతి మన ఇంట్లో చూడలేదూ?"

చూశాం. ఆ మార్చిలో బడులు మూతపడ్డాయి. మన రాష్ట్రంలో తొమ్మిది, పది తరగతుల పిల్లలు మళ్ళీ గుమ్మం తొక్కింది నవంబరు 2న. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు చెప్పారు, ఫోనుల్లో పాఠాలు చెప్పారు. ఈ ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. అది అన్నయ్య జేబులో పొలం వెళ్ళేది. సాయంత్రం ఆయన వచ్చేదాకా అయిదో తరగతి పిల్ల అరుగు మీద కాచుకుని ఉండేది. ఆయన వచ్చేసరికి మేష్టారి పాఠం అయిపోయేది, ఫోనులో ఛార్జీ కూడా అయిపోయేది.

అవతలి పక్కన నా అనుభవమూ అంతే. హాజరుపట్టీలో అరవై పైచిలుకు పేర్లు, తెర మీద ఇరవై నల్లటి గళ్ళు. పద్యం చదివి, "అర్థమయిందా?" అంటే గాలి చప్పుడు. ఒకసారి ఎవరి ఇంట్లోనో గేదె అరిచింది. ఆ రోజు నాకు వచ్చిన జవాబు అదొక్కటే.

అయితే ఆ గళ్ళలో ఒక పిల్ల ఉండేది. పాఠం అయిపోయి అందరూ వెళ్ళిపోయాక ఆగి, ఒక్క ప్రశ్న వేసి వెళ్ళేది. సిలబసులో లేని ప్రశ్న. ఆన్‌లైను పాఠం ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ కూలిపోతుందో నాకు తెలిసింది ఆ పిల్ల వల్లనే. తప్పనిసరి చదువుకు మేష్టారి కన్ను కావాలి. వెనక బెంచీలో కునికేవాడిని చూసే కన్ను, లెక్క తప్పు చేస్తున్న చేతిని ఆపే కన్ను. తెరకు ఆ కన్ను లేదు. ఇష్టపడి చదివే చదువుకు ఆ కాపలా అక్కరలేదు. దానికి కావలసింది చెప్పే మనిషి. ఆ మనిషి ఊళ్ళో లేకపోతే ఎంత దూరాన ఉన్నా ఫరవాలేదు.

మరి మన ఇళ్ళల్లో జరుగుతున్నదేమిటి? సరిగ్గా తలకిందులు. లెక్కలు, సైన్సు బడిలో చెబుతారు, ట్యూషనులో చెబుతారు, మళ్ళీ రాత్రి ఫోనులోనూ అవే. పిల్లకు బొమ్మలు వేయాలని ఉందనుకోండి, కర్ణాటక సంగీతం నేర్చుకోవాలని ఉందనుకోండి, ఊళ్ళో చెప్పేవారు లేరు. అందుకు ఫోను పనికివస్తుందన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. మూడు పూటలా అన్నమే వడ్డించి, పిల్లవాడికి ఆకలి మందగించిందని డాక్టరు దగ్గరకు తీసుకుపోయే తల్లిదండ్రులం మనం.

నిజానికి ఏర్పాట్లు లేకపోలేదు. కేంద్రప్రభుత్వం వారి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది. 1979లో సెంట్రల్ బోర్డు కింద చిన్న ప్రయోగంగా మొదలై, 1989లో స్వతంత్రసంస్థ అయింది. పదో తరగతి స్థాయిలో చిత్రలేఖనం, గృహవిజ్ఞానం, మనస్తత్వశాస్త్రం, కర్ణాటక సంగీతం వంటివి కూడా అక్కడ సబ్జెక్టులే. మొత్తం చదువు వద్దు, ఒక్క సబ్జెక్టే చాలు అన్నవారిని కూడా చేర్చుకుంటారు. 2017 జులైలో "స్వయం" వచ్చింది. తొమ్మిదో తరగతి మొదలు ఎమ్మే దాకా పాఠాలు ఉచితం. అదే ఏడు సెప్టెంబరు 5న "దీక్ష" వచ్చింది. పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఆ నలుపు తెలుపు చదరం ఉంటుందే, దాని మీద ఫోను పెడితే తెరుచుకునేది అదే. 2020 జులైలో వచ్చిన జాతీయ విద్యావిధానం, హైస్కూలు పిల్లలు తమ సబ్జెక్టులు తామే ఎంచుకునే వీలుండాలనీ, కళలకూ సైన్సుకూ మధ్య గోడ ఉండకూడదనీ చెప్పింది.

అన్నీ ఉన్నాయి. అయినా మన పిల్లదాకా రావటం లేదెందుకు? ఆ మధ్యాహ్నం అన్నయ్య ఇంటి డాబా మీద నిలబడి కృష్ణవైపు చూస్తుంటే నాకొక సంగతి తోచింది.

కృష్ణమ్మ మా ఊరిని ఒరుసుకునే పారుతుంది. అయినా మా పెద్దల కాలంలో నందిగామ, జగ్గయ్యపేట మెట్ట చేలు వానకోసం ఆకాశం వైపే చూసేవి. ఏరు పక్కన ఉన్నంత మాత్రాన చేను తడవదు గదా! ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ గారు నందికొండ ప్రాజెక్టు కోసం పట్టుబట్టి తిరిగారు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఎడమ కాలువ మా మెట్టకు వచ్చింది. ప్రాజెక్టు కట్టారు గదా అని రైతు ఇంట్లో కూర్చున్నాడా? పెద్ద కాలువకు పిల్ల కాలువ కావాలి, పిల్ల కాలువకు బోదె కావాలి, చివరికి పార పట్టుకుని మడవ తిప్పే మనిషి కావాలి. ఆ స్వయమూ, దీక్షా ప్రాజెక్టులే. మడవ తిప్పే మనిషే లేడు.

కిందికి దిగి వచ్చి, "నేను చెబుతానమ్మా" అన్నాను.

అన్నయ్య కాగితం వంక చూశాడు, కూతురి వంక చూశాడు. "మార్కులు తగ్గితే?" అన్నాడు. "తగ్గవచ్చు" అన్నాను. అబద్ధం చెప్పలేదు. ఆయన కాసేపు ఊరుకుని, కలం తీసి కూతురి చేతికి ఇచ్చాడు.

జూనులో మా బడి మొదలయింది. అమ్మాయి జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చి, అన్నం తిని, రాత్రి ఏడున్నరకు ఫోను పట్టుకుని డాబా ఎక్కుతుంది. కింద సిగ్నలు సరిగా ఉండదు. మొదటి వారం కాలేజీలో లాగానే యాభై నిమిషాలు ధారగా చెప్పాను. నాలుగో రోజున, "బాబాయ్, నువ్వు చెబుతుంటే బాగుంటుంది. అయిపోయాక ఏమీ గుర్తుండదు" అంది. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో నాకింత సూటిగా చెప్పిన విద్యార్థి లేడు. పద్ధతి మార్చాను. ఇప్పుడు పాఠం ఇరవై అయిదు నిమిషాలే. చదివేది ఆమె, వినేది నేను. ఎక్కడ విరవాలో తెలియకపోతే ఆగుతుంది, నేను అందిస్తాను.

శనివారం రాత్రి ఇంకో శిష్యుడు వస్తాడు. మా చెల్లెలి కొడుకు, టెక్సాసులో హైస్కూలు చదువుతున్నాడు. ఆ రాష్ట్రంలో హైస్కూలు పట్టా కావాలంటే కనీసం 22 క్రెడిట్లు ఉండాలి. ఇంగ్లీషుకు 4, లెక్కలు, సైన్సు, సోషలుకు మూడేసి, ఇంగ్లీషు కాని మరో భాషకు 2, వ్యాయామానికి 1, లలితకళలకు 1, పిల్లవాడి ఇష్టానికి 5. అమెరికాలో ఈ చదువు ఇంటి దగ్గర తెర మీద చదవటమూ కొత్త కాదు. ఫ్లోరిడా రాష్ట్రం 1997లోనే అలాటి ప్రభుత్వ హైస్కూలు పెట్టింది. తెలుగు సంగతికి వస్తే, సిలికానాంధ్రవారు 2007లో కాలిఫోర్నియాలో "మనబడి" మొదలుపెట్టారు. అలా తెలుగు చదువుకున్న పిల్లలకు భాష క్రెడిట్ ఇచ్చే స్కూలు డిస్ట్రిక్టులు అక్కడ కొన్ని ఉన్నాయి. మా వాడు కూడా తెలుగు అలాగే, తెర మీద నేర్చుకుంటున్నాడు.

ఈ లెక్క విని అన్నయ్య తెల్లబోయాడు. "అంటే అక్కడ రెండో భాష చదవకపోతే పట్టా ఇవ్వరూ? ఇక్కడ ఇంటర్లో ఇష్టముంటేనా?" అన్నాడు. మనవాళ్ళు పదో తరగతి దాకా మూడు భాషలు చదువుతారు, ఆ మాట మరవకూడదు. కాని పదహారో ఏట టెక్సాసు కుర్రవాడు తెలుగు అక్షరాలు దిద్దుతుంటే, ముక్త్యాల పిల్ల తెలుగు చదువుతానని ఇంట్లో వాదించవలసి వచ్చింది. ఇందులో ఎవరినని నవ్వటం?

ఒక శనివారం మా వాడు, "మామయ్యా, కజిన్‌ని తెలుగులో ఏమంటారు?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా అమ్మాయి, "ఏ కజిను?" అంది. అన్నా, తమ్ముడా, అక్కా, చెల్లెలా, బావా, బావమరిదా, వదినా, మరదలా? మేనత్త పిల్లలు ఒకటి, పెదనాన్న పిల్లలు ఒకటి. చెట్టు గీసి చూపించింది. మా వాడు శ్రద్ధగా అన్నీ వ్రాసుకుని, "అయితే నువ్వు నాకేమవుతావు?" అన్నాడు. డాబా మీద కాసేపు మాట లేదు. సిగ్నలు పోయిందేమో అనుకున్నాను. పోలేదు, సిగ్గు.

మర్నాడు అమ్మాయి నాతో, "ఇన్ని మాటలు నాకు తెలుసని నాకే తెలియదు బాబాయ్" అంది. నేను ఏ పాఠంలోనూ చెప్పలేని పాఠం అది. తర్వాత ఆమె కాలేజీ స్నేహితురాళ్ళు ఇద్దరు సంస్కృతం తీసుకుని కూడా మా డాబా బడిలో చేరారు. వాళ్ళకు ఇందులో మార్కు లేదు, పరీక్ష లేదు. అయినా వస్తారు. అసలైన ఎలక్టివ్ అంటే అదే కాబోలు.

మీ ఇంట్లోనూ హైస్కూలు పిల్ల ఉంటే, నా అనుభవంలో తేలిన నాలుగు మాటలు చెబుతాను. తప్పనిసరి సబ్జెక్టులను బడికి వదలండి. తెరను బడిలో దొరకనిదానికి వాడండి. ఒకసారికి ఒక్కటే చాలు. రోజూ ఒకే వేళ, అరగంటకు మించకుండా, అవతల పేరు పెట్టి పిలిచే మనిషి ఉండేలా చూడండి. మనిషి లేని పాఠం చూడటానికే గాని నేర్చుకోవటానికి కాదు. సర్టిఫికెట్టు ఇస్తామంటే ఆ సంస్థకు ఏ బోర్డు గుర్తింపు ఉందో డబ్బు కట్టకముందే అడగండి. ఇవన్నీ రెండో మాటలు. మొదటి మాట వేరే ఉంది.

దసరా ముందు జరిగిన పరీక్షలో మా అమ్మాయికి తెలుగులో, స్నేహితురాళ్ళ సంస్కృతం మార్కులకన్నా ఆరు తక్కువ వచ్చాయి. అన్నయ్య ఫోను చేసి చెప్పాడు. ఆరు మార్కులే అని నేను తేలిగ్గా అనలేను. ఒక్క మార్కు దగ్గర సీట్లు తారుమారయ్యే కాలం. "ఏమంటావు అన్నయ్యా?" అన్నాను. "ఏమంటాను? వచ్చే శనివారం ఆ టెక్సాసు వాడు వస్తాడా లేదా అని కనుక్కోమంది నీ కూతురు" అన్నాడు.

ఆ రాత్రి మా అబ్బాయికి ఫోను చేశాను. ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ఆ దరఖాస్తు సంగతి కదిపాను. వాడు కాసేపు ఆలోచించి, "నన్నడిగినా సంస్కృతమే అనేవాణ్ణి నాన్నా. కాని అడిగి ఉంటే బాగుండేది" అన్నాడు.

మొదటి మాట అదే. మళ్ళీ వేసవి వస్తుంది, మళ్ళీ దరఖాస్తులు వస్తాయి. తెలుగు వ్రాయమని నేను చెప్పను, సంస్కృతం వద్దని చెప్పను. ఆ ఒక్క గడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఆగి, కలం పిల్ల చేతికి ఇవ్వండి.